రీడర్ ప్రోటీన్‌కి కెమికల్ ప్రోబ్ తయారీ: దొంగ హిట్లని ముందే ఏరెయ్యడం ఎలా

పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతులు పొక్కించే నూనె పిక్క తొక్కలో ఉంటుంది. వేడి తగలకుండా తీస్తే అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లమే. బాగా వేపితే కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ మిగులుతుంది. ఈ ఆమ్లం పీ300 అనే ఎంజైమ్‌ని ఆపుతుందని బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ బృందం 2003లో చూపించింది. పీ300 హిస్టోన్‌ల (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్ల) మీద ఎసిటైల్ గుర్తులు పెట్టే ఎంజైమ్. ఇంకేం, మన జిల్లా సరుకే కదా, దీంతోనే ఎపిజెనెటిక్స్ (డీఎన్‌ఏ అక్షరాలు మారకుండా జీన్ల పని మారే తీరు) ప్రాజెక్టు మొదలెడదాం అనిపించడం సహజం.

మొదలెట్టండి, కానీ హిట్‌గా (పరీక్షలో ప్రోటీన్‌ని పట్టుకున్నట్టు తేలిన అణువుగా) కాదు, దొంగగా. ఆ అణువుకి సాలిసిలిక్ ఆమ్లం తల, పదిహేను కార్బన్ల తోక. సబ్బుకీ ఇలాంటి నిర్మాణమే ఉంటుంది. నీళ్లలో గాఢత పెరిగితే గుంపు కట్టి, దొరికిన ప్రోటీన్‌నల్లా చుట్టేస్తుంది. అందుకే ఒక చిన్న సీసా కొని ప్రతి పరీక్ష ప్లేటులో ఒక వెల్ (చిన్న గిన్నె) దీనికి కేటాయించండి. మీ పరీక్ష దీన్ని కూడా 'మంచి హిట్' అందంటే తప్పు పరీక్షలోనే ఉంది. పసుపులోని కర్క్యుమిన్ కూడా ఇదే పనికొస్తుంది. దానికి రంగుంది, వెలుగుతుంది, ప్రోటీన్‌తో రసాయనికంగా అతుక్కుంటుంది, బఫర్‌లో నిలవకుండా విరిగిపోతుంది. ఒక్క అణువులో ఇన్ని దొంగతనాలు మరోచోట దొరకవు.

ఎచ్చెర్ల, విజయనగరం క్యాంపస్‌లలో చదివేవాళ్లకీ, పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో సింథసిస్ చేసి ఇటు రావాలనుకునేవాళ్లకీ ఈ రాత. కెమికల్ ప్రోబ్ అంటే ఒక ప్రోటీన్‌ని ఎంచి పట్టుకుని, కణంలో దాని పనేమిటో తెలుసుకోడానికి వాడే చిన్న అణువు. సింథసిస్ మీకు కొత్త కాదు. కాబట్టి దాన్ని క్లుప్తంగా చెప్పి, కొలతల దగ్గర ఎక్కువసేపు ఆగుతాం.

రీడర్‌తో చిక్కేమిటంటే

హిస్టోన్ తోకల మీద గుర్తులు పెట్టేవి రైటర్లు, చెరిపేవి ఎరేజర్లు, చదివేవి రీడర్లు. మొదటి రెండూ ఎంజైములు, వాటి పని ఎంత సాగిందో కొలవొచ్చు. రీడర్ అలా కాదు. అది ఏమీ తయారుచెయ్యదు, గుర్తుని పట్టుకుని కూర్చుంటుంది, అంతే. మనం కొలవగలిగేది ఆ పట్టుని మాత్రమే. పట్టుని కొలిచే పరీక్షల్లో చాలావరకు వెలుగు మీదో వేడి మీదో ఆధారపడతాయి. రంగున్న అణువు, కరగని అణువు, గుంపుకట్టే అణువు వాటిని సులువుగా మోసం చేస్తాయి. ఏ ఒక్క పరీక్షనీ నమ్మకపోవడం ఈ పనిలో మొదటి అలవాటు.

ప్రోబ్ అనిపించుకోవడానికి స్ట్రక్చరల్ జీనోమిక్స్ కన్సార్షియం పెట్టిన గీతలు ఇవి: శుద్ధమైన ప్రోటీన్ మీద 100 నానోమోలార్ కంటే మెరుగైన బలం, అదే కుటుంబంలోని ఇతర ప్రోటీన్ల కంటే కనీసం 30 రెట్లు ఎక్కువ ఎంపిక, కణం లోపల 1 మైక్రోమోలార్ లోపే అసలు టార్గెట్ మీద పని. వీటికి తోడు చూపుకి ప్రోబ్‌లాగే ఉండి పనిచెయ్యని జంట అణువు ఒకటి. మందుకి ఉండాల్సిన లక్షణాలు ప్రోబ్‌కి అక్కర్లేదు. బీఈటీ అనే రీడర్ కుటుంబాన్ని పట్టుకునే ప్రోబ్ జేక్యూ1 ఎలుకలో ఎక్కువసేపు నిలవదు. అయినా 2010 నుంచి బీఈటీ ప్రోటీన్ల జీవశాస్త్రాన్ని నడిపించింది అదే.

టార్గెట్ ఎంపిక

మొదటిసారి చేసేవాళ్లు బీఈటీ కుటుంబంలోని బీఆర్‌డీ4 మొదటి బ్రోమోడొమైన్‌తో (ఎసిటైల్ గుర్తు చదివే భాగంతో) చెయ్యి తిప్పుకోండి. కొత్తదేమీ కనిపెట్టరు, కానీ సరైన జవాబు ముందే తెలుసు కాబట్టి మీ పరీక్ష సరిగ్గా ఉందో లేదో తేలిపోతుంది. మనిషి జీనోమ్‌లో 46 ప్రోటీన్లలో కలిపి 61 బ్రోమోడొమైన్‌లున్నాయి. అన్నిటిదీ నాలుగు హెలిక్సుల కట్టడమే. మధ్యలో లోతైన గుంట, అడుగున కొన్ని నీటి అణువులు కదలకుండా కూర్చుని ఉంటాయి. ఎసిటైల్ లైసిన్ (హిస్టోన్ తోకలో ఎసిటైల్ గుర్తు ఉన్న లైసిన్) ఆ గుంటలోకి దిగి ఆస్పరజిన్ 140తో హైడ్రోజన్ బంధం కడుతుంది. ఒక నీటి అణువు ద్వారా టైరోసిన్ 97ని కూడా అందుకుంటుంది. గుంట గట్టు మీద ట్రిప్టోఫాన్, ప్రోలిన్, ఫెనిలలనిన్ వరసగా ఉంటాయి. దాన్ని డబ్ల్యూపీఎఫ్ షెల్ఫ్ అంటారు. బలం పెంచుకోడానికి చోటు అక్కడే ఉంది.

మిథైల్ లైసిన్ చదివేవాటి సంగతి వేరు. వాటిలో రెండు నుంచి నాలుగు ఆరోమాటిక్ అమైనో ఆమ్లాలు పంజరంలా నిలబడి ధనావేశమున్న లైసిన్‌ని పట్టుకుంటాయి. గుంట లోతు తక్కువ, పట్టు బలహీనం. అయినా దారి ఉందని ఎల్3ఎంబీటీఎల్3కి 2013లో వచ్చిన యూఎన్‌సీ1215 చూపించింది. దాని పట్టు 120 నానోమోలార్, పనిచెయ్యని జంట యూఎన్‌సీ1079. సీబీఎక్స్7 క్రోమోడొమైన్‌కి 2016లో వచ్చిన యూఎన్‌సీ3866 దాదాపు పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) లాంటిది. పట్టు సుమారు 100 నానోమోలార్ ఉన్నా కణంలోకి వెళ్లడంలో వెనకబడుతుంది. మొదటి ప్రాజెక్టుకి ఈ కుటుంబాన్ని తీసుకోవద్దు.

ప్రోటీన్

బీఆర్‌డీ4లో 44 నుంచి 168 వరకున్న ముక్క చాలు. బరువు దాదాపు 15 కిలోడాల్టన్లు. ముందు ఆరు హిస్టిడిన్‌ల తోక, దాని వెంట టెవ్ ప్రోటియేజ్ కోసే చోటు ఉన్న ప్లాస్మిడ్ వాడండి. ఈ.కోలై కణాలని 37 డిగ్రీల దగ్గర పెంచి, మామూలు ఎల్బీలో ఓడీ (కల్చర్ మబ్బుతనం) 0.6–0.8కి రాగానే 18 డిగ్రీలకి దించి, అరగంట ఆగి, ప్రోటీన్ తయారీని మొదలెట్టించే ఐపీటీజీ 0.2 మిల్లీమోలార్ వేసి రాత్రంతా వదిలెయ్యండి. దించకుండానే ఐపీటీజీ వేస్తే ప్రోటీన్ ముద్దకట్టి పెల్లెట్‌లోకి పోతుంది. వేసవిలో మన షేకర్లు 18కి దిగడానికి గంట పైనే తీసుకుంటాయి. డిస్‌ప్లేలో అంకె చూసి సరిపెట్టుకోకుండా ఫ్లాస్క్‌లో థర్మామీటర్ పెట్టి చూడండి.

కణాలని పగలగొట్టే బఫర్‌లో 50 మిల్లీమోలార్ హెపీస్, పీహెచ్ 7.5, 500 మిల్లీమోలార్ ఉప్పు, 5 శాతం గ్లిసరాల్, 0.5 మిల్లీమోలార్ టీసెప్ ఉండాలి. నికెల్ రెజిన్ మీద 30 మిల్లీమోలార్ ఇమిడజోల్‌తో కడిగి 250తో దించండి. టెవ్‌ని ప్రోటీన్ బరువులో యాభయ్యో వంతు వేసి 4 డిగ్రీల దగ్గర రాత్రంతా డయాలిసిస్ చేసి, మళ్లీ నికెల్ మీంచి పంపి, చివరగా జెల్ ఫిల్ట్రేషన్. నికెల్ బీడ్లతో చేసే పరీక్ష కోసం కొంత ప్రోటీన్‌ని తోక కొయ్యకుండా విడిగా ఉంచుకోండి. ఇది మర్చిపోతే కల్చర్ దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టాల్సిందే. ఆస్పరజిన్ 140 బదులు ఫెనిలలనిన్ పెట్టిన మ్యూటంట్‌ని కూడా ఇదే వారంలో చేసుకోండి. గుంటలో దిగకుండా బయట అంటుకునే అణువుల్ని పట్టించేది అదే.

శుద్ధి అయ్యాక 150 మైక్రోమోలార్ దగ్గర, ట్యూబ్‌కి 50 మైక్రోలీటర్ల చొప్పున పంచి ద్రవ నత్రజనిలో గడ్డకట్టించండి. పశువైద్యశాలల్లో వీర్యం స్ట్రాలు దాచే క్యాన్లు చూసే ఉంటారు, అలాంటి చిన్న క్యాన్ ఒకటి ల్యాబ్‌లో ఉంటే చాలు. అదీ లేకపోతే ఇథనాల్‌లో డ్రై ఐస్ వేసి అందులో ముంచండి. గడ్డకట్టించిన ట్యూబ్‌ని ఒక్కసారే కరిగించాలి. మిగిలింది మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, పారెయ్యండి.

ట్యూబుల్లో సగం వేరే ఊరి ఫ్రీజర్‌లో ఉంచడం మన తీరంలో తప్పనిసరి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. మైనస్ 80 ఫ్రీజర్ తలుపు తియ్యకపోతే కొన్ని గంటలు ఆపుతుంది, రోజులు ఆపలేదు. తుపాను హెచ్చరిక రాగానే విశాఖ నుంచి డ్రై ఐస్ తెప్పించి పైఅరలో నింపండి. కారులో తెచ్చేటప్పుడు అద్దాలు దించి ఉంచండి. ఆవిరయ్యేది కార్బన్ డయాక్సైడ్, మూసిన కారులో మత్తు కమ్ముతుంది.

అణువు

బ్రోమోడొమైన్‌కి మొదటి హిట్ వెతకడానికి పెద్ద లైబ్రరీ అక్కర్లేదు. ఎసిటైల్ లైసిన్‌ని అనుకరించే చిన్న ముక్కలు తెలిసినవే: 3,5-డైమిథైల్ ఐసాక్సజోల్, మిథైల్ ట్రయాజోల్, ఎన్-మిథైల్ పిరిడోన్. వీటిలో ఐసాక్సజోల్ మీ చేతికి సులువు, సుజుకి కప్లింగ్‌తో అయిపోతుంది. 1 మిల్లీమోల్ ఆరైల్ బ్రోమైడ్‌కి ఐసాక్సజోల్ పినకాల్ బోరోనిక్ ఎస్టర్ 290 మిల్లీగ్రాములు, పొటాషియం కార్బొనేట్ 415 మిల్లీగ్రాములు, పల్లాడియం డీపీపీఎఫ్ డైక్లోరైడ్ 37 మిల్లీగ్రాములు, డయాక్సేన్ 4 మిల్లీలీటర్లు, నీళ్లు 1 మిల్లీలీటర్. నత్రజని పావుగంట బుడగలుగా పోనిచ్చి ఆ తర్వాతే పల్లాడియం వెయ్యండి. 90 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు నడిపి టీఎల్‌సీ చూడండి. బోరాన్ ఊడిపోయిన ఐసాక్సజోల్ ఎక్కువగా కనిపిస్తుంటే వేడి ఎక్కువైందని అర్థం.

కాలమ్ అయ్యాక ఎల్‌సీఎంఎస్‌లో 95 శాతం దాటిందని ఊరుకోకండి. పల్లాడియం ఆ ట్రేసులో కనిపించదు. సల్ఫర్ ఉన్న స్కావెంజర్ రెజిన్‌తో కలిపి కాసేపు తిప్పి వడకట్టండి. లోహం మిగిలిన బ్యాచ్ ప్రోటీన్‌ని పాడుచేసి, బలమైన హిట్‌లా కనిపిస్తుంది. మళ్లీ తయారుచేస్తే ఆ బలం మాయం. రెండో బ్యాచ్‌లో నిలవని హిట్‌ని హిట్ అనొద్దు.

డీఎంఎస్‌ఓ: సగం కష్టాలు ఇక్కడే

అణువుల్ని కరిగించే సాల్వెంట్ డీఎంఎస్‌ఓ బ్రోమోడొమైన్ గుంటలోకి తనే దిగుతుంది, స్ఫటికాల్లో అలా కనిపించింది కూడా. పట్టు బలహీనమే, కానీ 1 శాతం డీఎంఎస్‌ఓ అంటే 140 మిల్లీమోలార్. అంత మంది ఒకేసారి తలుపు దగ్గర గుమిగూడితే మీ అణువు ఎలా దూరుతుంది? చివరి గాఢత 0.5 శాతం దాటనివ్వకండి. అన్ని వెల్స్‌లోనూ అది ఒకే అంకె కావాలి, అణువు లేని వెల్‌లో కూడా. ఎన్-మిథైల్ పిరోలిడోన్‌ని సాల్వెంట్‌గా అసలు వాడొద్దు, దాని పట్టు ఇంకా ఎక్కువ.

రెండో సంగతి మన గాలి. జూన్ నుంచి అక్టోబర్ దాకా శ్రీకాకుళం గాలిలో ఉండే తేమని డీఎంఎస్‌ఓ స్పాంజిలా పీలుస్తుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన ట్యూబ్ మూత వెంటనే తీస్తే లోపల గోడల మీద మంచు పడుతుంది. పదిసార్లు అలా తీస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ 8కో 7కో దిగుతుంది, లేదా అణువు సూదుల్లా బయటికొస్తుంది. మీ ఐసీ50 (సిగ్నల్‌ని సగానికి తగ్గించే గాఢత) వారం వారం జారుతుంటే ముందు ఇదే చూడండి. శుద్ధమైన డీఎంఎస్‌ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. అంటే మామూలు ఫ్రిజ్‌లో అరగంట పెట్టినా రాయిలా అవ్వాలి. ఇంకా ద్రవంగానే ఊగుతోందంటే నీళ్లు చేరినట్టే, పారెయ్యండి. ట్యూబ్ తీసినప్పుడు సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో అరగంట ఉంచి గది వేడికి వచ్చాకే మూత తియ్యండి. తీశాక పూర్తిగా కరిగిందో లేదో వెలుతురుకి ఎదురుపెట్టి చూసి, ఒక నిమిషం వోర్టెక్స్ చేసి, అప్పుడు పిపెట్ ముంచండి.

స్టాక్ తయారీ లెక్క జేక్యూ1తో చూద్దాం. మోలార్ బరువు 457. 1 మిల్లీగ్రాముకి 218.8 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ పోస్తే 10 మిల్లీమోలార్. మామూలు తక్కెడ మీద 1 మిల్లీగ్రాము తూచడం అంటే ఊహించడమే. 5 మిల్లీగ్రాములు తూచి 1094 మైక్రోలీటర్లు పొయ్యండి. తర్వాత 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో పెట్టండి.

మొదటి వడపోత: వేడికి ఎంత ఆగుతుంది

అణువు పట్టుకుంటే ప్రోటీన్ ఇంకాస్త వేడి దాకా విడిపోకుండా నిలుస్తుంది. దీన్ని డీఎస్‌ఎఫ్ అంటారు. ప్రత్యేకమైన యంత్రం అక్కర్లేదు, కోవిడ్ రోజుల్లో జిల్లాలకి వచ్చిన ఆర్టీపీసీఆర్ మెషీన్ లాంటిదైనా చాలు. సైప్రో ఆరెంజ్ అనే రంగు విడిపోయిన ప్రోటీన్ లోపలి జిడ్డు భాగాలకి అంటుకుని వెలుగుతుంది, మెషీన్ ఆ వెలుగుని చదువుతుంది.

ఒక 96 వెల్స్ ప్లేటుకి ఇలా:

1. 10 మిల్లీమోలార్ హెపీస్, పీహెచ్ 7.5, 150 మిల్లీమోలార్ ఉప్పు ఉన్న బఫర్ 1970 మైక్రోలీటర్లు తీసుకుని, 5000 రెట్ల సైప్రో స్టాక్ 2.2 మైక్రోలీటర్లు వేసి బాగా కలపండి. ఆ తర్వాతే 150 మైక్రోమోలార్ ప్రోటీన్ 30 మైక్రోలీటర్లు వేసి మెల్లగా తిప్పండి. వరస మార్చి, గాఢమైన రంగుని నేరుగా ప్రోటీన్ మీద పోస్తే ప్రోటీన్ అక్కడికక్కడే ముద్దకడుతుంది.
2. అణువుల స్టాక్‌ని డీఎంఎస్‌ఓలోనే 2 మిల్లీమోలార్‌కి పలచన చేసి, అక్కడ్నుంచి బఫర్‌లోకి 20 రెట్లు. ఇప్పుడు 100 మైక్రోమోలార్ అణువు, 5 శాతం డీఎంఎస్‌ఓ ఉన్నాయి. ఈ దశలో మబ్బుగా కనిపించిన ట్యూబుల్ని రాసిపెట్టుకోండి, అవి కరగని అణువులు.
3. వెల్‌కి 18 మైక్రోలీటర్ల ప్రోటీన్ మిశ్రమం, 2 మైక్రోలీటర్ల అణువు. చివరికి ప్రోటీన్ 2, అణువు 10 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ 0.5 శాతం.
4. ఎనిమిది వెల్స్‌కి ఉట్టి డీఎంఎస్‌ఓ, రెండింటికి జేక్యూ1, ఒకదానికి అనకార్డిక్ ఆమ్లం, రెండింటికి ప్రోటీన్ లేకుండా అణువు మాత్రమే.
5. సీల్ గట్టిగా నొక్కి, బుడగలు పోవడానికి ఒక నిమిషం సెంట్రిఫ్యూజ్. 25 నుంచి 95 డిగ్రీల దాకా నిమిషానికి ఒక డిగ్రీ. రాక్స్ ఛానెల్‌లో చదివించి, పాసివ్ రిఫరెన్స్ ఆపెయ్యండి. ఆపకపోతే మెషీన్ మీ సిగ్నల్‌ని మీ సిగ్నల్‌తోనే భాగించేసి గీత చదును చేస్తుంది.

జేక్యూ1 వెల్‌లో కరిగే వేడి (ప్రోటీన్ సగం విడిపోయే ఉష్ణోగ్రత) 8 నుంచి 10 డిగ్రీలు పైకి జరగాలి. జరగకపోతే మీ అణువుల ఫలితాలు చూడకండి, ప్రోటీన్ పాడైంది. డీఎంఎస్‌ఓ వెల్స్ మధ్య తేడా 0.2–0.3 డిగ్రీలలో ఉంటే బాగున్నట్టు. ఆ తేడాకి మూడు రెట్లో, 1 డిగ్రీయో, ఏది పెద్దదైతే అది దాటిందే హిట్.

ఇప్పుడు గీతలని ఒక్కొక్కటీ కంటితో చూడండి, సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకెని కాదు. మంచి గీత కింద మొదలై, ఒక్కసారిగా లేచి, శిఖరం నుంచి మెల్లగా దిగుతుంది. 25 డిగ్రీల దగ్గరే ఎత్తులో మొదలై కిందికి జారే గీత ఉంటే అది సబ్బు గుణమున్న అణువు. రంగు ప్రోటీన్‌ని వదిలి దాని గుంపుల్లో దూరి వెలుగుతోందన్నమాట. అనకార్డిక్ ఆమ్లం వెల్ పక్కన పెట్టి పోల్చుకుంటే ఈ రకం తెలిసిపోతుంది. ప్రోటీన్ లేని వెల్ కూడా వెలిగితే అణువుకే వెలుగుంది. కరిగే వేడి కిందికి దిగితే అణువు ప్రోటీన్‌ని విప్పేస్తోంది, అదీ వద్దు. ఈ పరీక్షలో ట్రైటాన్ లాంటి డిటర్జెంట్ వెయ్యకూడదు, సైప్రో దానికే అంటుకుంటుంది. అంటే గుంపుకట్టేవాటి తుది తీర్పు ఇక్కడ రాదు, తర్వాతి మెట్టులోనే వస్తుంది.

రెండో వడపోత: పెప్టైడ్‌ని తోసేస్తుందా

హిస్టోన్ హెచ్4 తోకలో 5, 8, 12, 16 లైసిన్‌లు నాలుగూ ఎసిటైల్ అయి, చివర బయోటిన్ ఉన్న పెప్టైడ్ కొనండి. ఆల్ఫాస్క్రీన్ అనే బీడ్ల పరీక్షలో దాత బీడు బయోటిన్‌ని, నికెల్ ఉన్న గ్రహీత బీడు ప్రోటీన్ హిస్టిడిన్ తోకని పట్టుకుంటాయి. ప్రోటీన్, పెప్టైడ్ కలిసుంటే బీడ్లు దగ్గరకొస్తాయి. 680 నానోమీటర్ల వెలుగు కొడితే దాత నుంచి సింగ్లెట్ ఆక్సిజన్ 200 నానోమీటర్ల దూరం దాకా పోయి గ్రహీతని వెలిగిస్తుంది. అణువు పెప్టైడ్‌ని తోసేస్తే వెలుగు తగ్గుతుంది.

బఫర్‌లో 25 మిల్లీమోలార్ హెపీస్, పీహెచ్ 7.4, 100 మిల్లీమోలార్ ఉప్పు, 0.1 శాతం బీఎస్‌ఏ, 0.05 శాతం చాప్స్. ప్రోటీన్, పెప్టైడ్ చెరో 50 నానోమోలార్‌తో మొదలెట్టండి, కానీ ముందు రెండిటినీ 0 నుంచి 400 దాకా గళ్లలా మార్చి చూడాలి. ఏదైనా మరీ ఎక్కువైతే బీడ్ల చోట్లు విడివిడిగా నిండిపోయి వెలుగు తగ్గుతుంది. ఆ దిగుడు భాగంలో పరీక్ష పెడితే అదే పెప్టైడ్ ఇంకాస్త పోసినా హిట్‌లా కనిపించొచ్చు. అణువుతో అరగంట ఉంచాక బీడ్లు వేసి గంట చీకట్లో ఆగండి. దాత బీడ్లకి ట్యూబ్‌లైట్ తగిలితే చచ్చిపోతాయి, ఆకుపచ్చ కాయితం కప్పిన లైటు కింద పనిచెయ్యండి.

ప్లేటు బాగుందో లేదో ఒక్క లెక్కతో తేలుతుంది. పూర్తి వెలుగు సగటు 40,000, చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) 2,000. అడుగు సగటు 2,000, చెదురు 300 అనుకోండి. రెండు చెదుర్ల మొత్తం 2,300ని మూడుతో గుణించి, సగటుల తేడా 38,000తో భాగిస్తే 0.18. ఒకటిలోంచి తీసేస్తే 0.82. 0.5 దాటితే ప్లేటు పనికొస్తుంది.

ఇక్కడ దొంగలు మూడు రకాలు. సింగ్లెట్ ఆక్సిజన్‌ని మింగేవి, రంగుతో వెలుగుని అడ్డుకునేవి, నికెల్‌ని లాక్కునేవి. బయోటిన్, హిస్టిడిన్‌లు రెండూ ఉన్న ఒకే పెప్టైడ్‌తో ప్రోటీన్ లేకుండా మళ్లీ చేస్తే మూడూ బయటపడతాయి. అక్కడ కూడా వెలుగు తగ్గించే అణువుని నిలబడ్డచోటే వదిలెయ్యండి. తర్వాత, మిగిలినవాటిని 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 వేసి, వెయ్యకుండా, రెండు రకాలుగా చెయ్యండి. ట్రైటాన్‌తో ఐసీ50 పది రెట్లు బలహీనపడితే అది గుంపుకట్టేది. గీత వాలు కూడా మాట్లాడుతుంది. ఒక గుంటలో ఒక అణువు దిగితే వాలు 1 దగ్గర ఉంటుంది. 2.5 వచ్చిందంటే ఒకానొక గాఢత దగ్గర గుంపు పుట్టి ప్రోటీన్ అంతా ఒకేసారి పోయిందని అర్థం.

ఇంకోటి: 50 నానోమోలార్ ప్రోటీన్ వాడినప్పుడు ఐసీ50 25 నానోమోలార్ కంటే కిందికి రాలేదు. అక్కడికి చేరాక ఎంత మంచి అణువు చేసినా అంకె మారదు. కెమిస్ట్ 'సార్, ఇంప్రూవ్ అవ్వట్లేదు' అని తల పట్టుకుంటాడు. ప్రోటీన్ తగ్గించండి, తేడా కనిపిస్తుంది.

మూడోది: వేడిని నేరుగా కొలవడం

ఐటీసీ అనే పద్ధతి అణువు ప్రోటీన్‌ని పట్టుకున్నప్పుడు మారే వేడిని కొలుస్తుంది. దానికి రంగూ బీడూ అక్కర్లేదు కాబట్టి దాన్ని మోసం చెయ్యడం కష్టం. యంత్రం ఖరీదైనది, మీ దగ్గర లేకపోతే పరిశోధన యంత్రాలు ఎక్కడున్నాయో చూపించే ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికి విశాఖలోనో హైదరాబాద్‌లోనో రోజు బుక్ చేసుకోండి. సెల్‌లో 20 మైక్రోమోలార్ ప్రోటీన్, సిరంజిలో 200 మైక్రోమోలార్ అణువు. అణువు అంత కరగకపోతే తిరగేసి, ప్రోటీన్‌ని సిరంజిలో పెట్టండి. డీఎంఎస్‌ఓ రెండువైపులా 0.1 శాతం తేడా ఉన్నా పలచనయ్యే వేడి మీ సిగ్నల్‌ని ముంచేస్తుంది. అందుకే ప్రోటీన్ చివరి డయాలిసిస్ బఫర్‌ని సీసాలో పట్టుకెళ్లి, అణువుని దానితోనే కలపండి. ఎన్ విలువ (ఒక్కో ప్రోటీన్‌కి ఎన్ని అణువులు అంటుకున్నాయన్నది) 1 దగ్గర రావాలి. 0.5 వస్తే సగం ప్రోటీన్ చచ్చిందనో, అణువు తూకం తప్పనో అనుకోండి.

చచ్చిన జంట

పనిచెయ్యని జంట లేకుండా ప్రోబ్ లేదు. 2023లో ఎనిమిది ప్రోబ్‌లని కణాల్లో వాడిన 662 పరిశోధనా పత్రాలని తిరగేస్తే, సరైన గాఢతలో, జంటతో, వేరే నిర్మాణమున్న రెండో ప్రోబ్‌తో కలిపి చేసినవి 4 శాతమే తేలాయి. జంటని తయారుచెయ్యడానికి రెండు దారులున్నాయి. అణువులో కైరల్ కేంద్రముంటే దాని అద్దం బొమ్మ. (+)-జేక్యూ1 పట్టుకుంటుంది, (−)-జేక్యూ1 పట్టుకోదు. లేదంటే ఆస్పరజిన్ వైపు చూసే చోట ఒక మిథైల్ అడ్డం పెట్టడం. రెండో దారిలో కరిగే గుణం మారిపోకుండా చూసుకోవాలి. ప్రోబ్ కరిగి జంట కరగకపోతే పోలికే లేదు.

అద్దం బొమ్మ దారిలో గొయ్యి ఇది. జంటలో 2 శాతం అసలు ప్రోబ్ కలిసి ఉందనుకోండి. కణాలకి జంటని 10 మైక్రోమోలార్ ఇస్తే అందులో 200 నానోమోలార్ అసలు ప్రోబ్ వెళ్లినట్టే. జేక్యూ1 లాంటిది ఆ మోతాదులో హాయిగా పనిచేస్తుంది. 'జంట కూడా పనిచేస్తోంది, అంటే ప్రభావం టార్గెట్‌ది కాదు' అని తప్పు తీర్మానానికి వచ్చేస్తారు. కైరల్ హెచ్‌పీఎల్‌సీ మీద 99.5 శాతం దాటాలి. క్షారం, వేడి తగిలే మెట్లలో కైరల్ కేంద్రం తిరగబడగలదు కాబట్టి చివరి మెట్టు తర్వాత కొలవండి, మధ్యలో కొలిచింది లెక్కలోకి రాదు.

రెండో ప్రోబ్ అన్నప్పుడు పేరు వేరైతే చాలదు, అణువు ఎముకలు, అంటే మూల నిర్మాణం, వేరవ్వాలి. జేక్యూ1కి తోడుగా ఐ-బెట్762 తీసుకుంటే రెండిటిదీ ట్రయాజోలో డయాజెపీన్ ఎముకే, తప్పు చేస్తే రెండూ ఒకే తప్పు చేస్తాయి. డైమిథైల్ ఐసాక్సజోల్ ఉన్న ఐ-బెట్151 గానీ, పీఎఫ్ఐ-1 గానీ తీసుకోండి.

ఎంపిక, ఆ తర్వాత కణం

బీఈటీ కుటుంబంలో నాలుగు ప్రోటీన్లు, ఒక్కోదానికి రెండేసి బ్రోమోడొమైన్‌లు, మొత్తం ఎనిమిది. ఇవి ఒకదానికొకటి మరీ దగ్గర పోలిక. వాటి మధ్య తేడా తేవాలంటే మొదటి డొమైన్‌లో ఆస్పార్టిక్ ఆమ్లం 144 ఉన్నచోట రెండో డొమైన్‌లో హిస్టిడిన్ 437 ఉందన్న సంగతి పట్టుకోవాలి. మొదట ఎనిమిదింటి మీదా, తర్వాత వేరే కుటుంబాల నుంచి సీబీపీ, బీఆర్‌డీ9, బాజ్2బీ లాంటివి కలిపి డీఎస్‌ఎఫ్ చెయ్యండి. అన్ని బ్రోమోడొమైన్‌లూ చెయ్యడం మనవల్ల కాదు, చివరి ఒకటి రెండు అణువుల్ని మాత్రం డబ్బిచ్చి పెద్ద ప్యానెల్‌కి పంపండి. కినేజ్‌లనీ (ఫాస్ఫేట్ గుర్తులు పెట్టే ఎంజైముల్నీ) మర్చిపోవద్దు. పీఎల్‌కే1 అనే కినేజ్ కోసం చేసిన బీఐ-2536 బీఆర్‌డీ4ని కూడా గట్టిగా పట్టుకుంటుందని తర్వాత తేలింది. అటు నుంచి ఇటు దారి ఉంటే ఇటు నుంచి అటూ ఉంటుంది.

కణంలో ముందు పట్టుని కొలవాలి, చావుని కాదు. నానోబ్రెట్ అనే వెలుగు పరీక్షలో బీఆర్‌డీ4కి వెలుగునిచ్చే నానోలూసిఫరేజ్, హిస్టోన్ హెచ్3.3కి ఆ వెలుగుని అందుకునే రంగున్న హేలోట్యాగ్ తగిలించి రెండూ విడిపోవడం చూస్తారు. సౌకర్యం లేకపోతే ఆర్‌టీపీసీఆర్‌తోనే పని జరుగుతుంది. ఎంఎం.1ఎస్ మైలోమా కణాలకి 500 నానోమోలార్ జేక్యూ1 ఇచ్చి ఆరు గంటల తర్వాత చూస్తే మిక్ జీన్ ఆర్‌ఎన్‌ఏ తగ్గాలి, హెక్సిమ్1 జీన్‌ది పెరగాలి. హెక్సిమ్1ని తప్పకుండా చూడండి. కణాలకి ఏ విషం తగిలినా మిక్ తగ్గొచ్చు, పెరిగే గుర్తు కూడా దొరికితే ధైర్యం. అనకార్డిక్ ఆమ్లం వెల్ ఇక్కడా ఉంచండి. 50 మైక్రోమోలార్ దగ్గర కణాలు చస్తే చస్తాయి, కానీ ఈ జత గుర్తు కనిపించకూడదు.

శుద్ధ ప్రోటీన్ మీద 40 నానోమోలార్ ఉన్నది కణంలో 5 మైక్రోమోలార్ అడుగుతుంటే మూడు కారణాలు వెతకండి: పొర దాటట్లేదు, సీరమ్ ప్రోటీన్లు పట్టేసుకున్నాయి, లేదా మీడియంలోనే విరిగిపోతోంది. సీరమ్ 10 శాతం నుంచి 2కి తగ్గించి చూస్తే రెండోది తేలుతుంది. మీడియంని 0, 6, 24 గంటల దగ్గర ఎల్‌సీఎంఎస్‌లో పెడితే మూడోది తేలుతుంది. ఎస్టర్ ఉన్న అణువుల్లో మూడోదే ఎక్కువ. జేక్యూ1లోని టెర్ట్-బ్యూటైల్ ఎస్టర్ ఊడితే మిగిలే ఆమ్లం కణంలోకి సరిగ్గా పోదు.

అణువు ఇవన్నీ దాటాక వేరే ల్యాబ్‌కి ఇచ్చే రోజు వస్తుంది. డబ్బాలో రెండు సీసాలు పెట్టండి, ప్రోబ్ ఒకటి, జంట ఒకటి. డీఎంఎస్‌ఓలో కాదు, పొడిగా, ఒక్కోటి 5 మిల్లీగ్రాములు, సిలికా ప్యాకెట్‌తో. మూత మీద కంప్యూటర్ లేబుల్ అతికించండి, స్కెచ్ పెన్నుతో రాసింది ఇథనాల్ చెయ్యి తగలగానే పోతుంది. లేబుల్ మీద బ్యాచ్ నంబరు, మోలార్ బరువు, 10 మిల్లీమోలార్‌కి ఎన్ని మైక్రోలీటర్లు పొయ్యాలో, 'కణాల్లో 1 మైక్రోమోలార్ దాటొద్దు' అన్న మాట ఉండాలి. వేరే కాయితంలో ఇంకెక్కడ అంటుకుంటుందో మీకు దొరికిన జాబితా మొత్తం. ఆ జాబితా చూసి అణువుని తక్కువ చేస్తారేమోనని చివరి రెండు పేర్లు తీసెయ్యకండి. అవతలివాళ్ల ఫలితం తేడా కొట్టిన రోజు ముందు వెతికేది ఆ రెండు పేర్లే.